కారుకు వీపు తిప్పినవాళ్లు

పోయిన వారం తుమ్మలపేట దొర దయాకర్‌రావును మనం సుల్తానాబాద్ సడక్ మీద, సైకిళ్ల గుంపు మధ్య వదిలిపెట్టి వచ్చాం. బొగ్గుబావుల నుంచి సెలవు మీద ఊరికి వచ్చిన సారయ్య తన సైకిలును కారు ముందు అడ్డంగా పెట్టాడు. తన బావ రాజలింగు కాలు విరగ్గొట్టిన కారు ఇదే కదా అని అడిగాడు. సడక్ సర్కారుదని, దానిమీద తారు పోసిననాడు తట్టలు మోసినవాళ్లలో తానూ ఉన్నానని, ఇకనుంచి హారన్ విని తుమ్మలపేటలో ఎవడూ సైకిలు దిగడని చెప్పాడు. చెప్పి, మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చాడు. అడ్డం పెట్టినందుకన్నా దారి ఇచ్చినందుకే దొరకు ఎక్కువ కోపం వచ్చింది. తన ఊరి సడక్ మీద తనకు ఒకడు దారి ఇవ్వడమేమిటి?

ఆ కోపంతోనే కోటలాంటి తన గడీకి వచ్చి భార్య సరళాదేవిని లోపలి గదిలోకి పిలిచాడు. రేపు పొద్దున సుల్తానాబాద్ ఠాణా నుంచి అమీన్ సాబ్ విచారణకు మళ్లీ వస్తున్నాడని చెప్పాడు. నైజాం రోజులు పోయి పదేళ్లు దాటినా అక్కడివాళ్లకు సబ్‌ఇన్‌స్పెక్టరు ఇంకా అమీన్ సాబే. ఆయన అడిగినప్పుడు సరళాదేవి చెప్పవలసింది చాలా చిన్న మాట. రాజలింగుకు కారు తగిలిన సోమవారం నాడు తాను కారులో ఉన్నానని, రాజలింగు సైకిలు దిగకుండా కారుకు అడ్డం వచ్చాడని చెప్పాలి. అంతే.

ఆ సోమవారం సరళాదేవి గడీ గడప దాటలేదు. ఆ సంగతి దయాకర్‌రావుకూ తెలుసు. కారు మరమ్మతుకు పోయి ఖాళీగా తిరిగి వస్తుంటే ఈ గొడవ జరిగిందని డ్రైవరు హనుమండ్లు ఆయనతో చెప్పాడు.

"ఖాళీ కారు గుద్దిందంటే తప్పు మనదయితది. ఆడోళ్ల కారుకు అడ్డమొచ్చిండంటే ఊరంత మన దిక్కు మాట్లాడ్తది. గంతే ఫరక్," అన్నాడు ఆయన, చాలా సులువైన లెక్క చెబుతున్నట్టు.

ఆ ఫరక్ ఏమిటో తెలియాలంటే తుమ్మలపేట హారన్ సంగతి తెలియాలి. అక్కడ కారు హారన్‌కు రెండు భాషలు ఉండేవి. ఒక్క పొడుగు కూత వినిపిస్తే లోపల దొర ఉన్నట్టు. సైకిలు మీద పోయేవాడు దిగి, తలగుడ్డ తీసి నిలబడాలి. రెండు పొట్టి కూతలు వినిపిస్తే లోపల గడీ ఆడవాళ్లు ఉన్నట్టు. అప్పుడు మగవాళ్లు సైకిలు దిగి, సడక్ అంచుకు పోయి, కారుకు వీపు తిప్పి నిలబడాలి. ఘోషా కదా. కారు అద్దాలకు లోపల తెరలు ఉన్నా సరే, చూపులకు కూడా ఒక తెర ఉండాలన్నది పెద్దవాళ్ల మాట. మేనాల కాలంలో పుట్టి, ఎద్దుల కచ్చరాల కాలంలో పెరిగి, ఆ అలవాటు ఇప్పుడు కారెక్కింది. నైజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. తుమ్మలపేట మగవాళ్ల వీపులు మాత్రం రెండు కూతలు వినగానే వాటంతట అవే తిరిగేవి.

సరళాదేవికి మాత్రం ఒకటి అర్థం కాలేదు. రాజలింగును గుద్దే ముందు హనుమండ్లు రెండు పొట్టి కూతలు కొట్టాడు. పొలాల్లో ఉన్నవాళ్లంతా విన్నారు, హనుమండ్లే ఒప్పుకున్నాడు. ఖాళీ కారుకు ఆడవాళ్ల హారన్ ఎందుకు?

అదే భర్తను అడిగింది. అలవాటు కొద్దీ కొట్టి ఉంటాడని ఆయన అన్నాడు. ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్న మనిషికి లోపల మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదా అని ఆమె మళ్లీ అడిగింది. ఆయన అంగవస్త్రం సర్దుకుని లేచిపోయాడు. సరళాదేవికి చిన్నప్పటి నుంచి ఒక రోగం ఉంది. ఏ మాటనైనా సగం విని ఊరుకోలేదు. హైదరాబాదులో మెట్రిక్ దాకా చదివించిన తండ్రి కూడా ఆ రోగానికి మందు వెయ్యలేకపోయాడు. తన పేరుతో ఒక అబద్ధం చెప్పించబోతున్నప్పుడు ఆ అబద్ధం లోపల ఏముందో చూడకుండా ఎలా ఉంటుంది?

మధ్యాహ్నం అత్తగారు ఇందిరాదేవి నడుం వాల్చిన సమయం చూసి, సాలెవాడకు చీరలు చూడటానికి పోతున్నానని చెప్పి కచ్చరం కట్టించింది. బండికి నాలుగు వైపులా తెర దించి కట్టారు. కొత్త కోడలుగా వచ్చిన రోజుల్లో ఒకసారి ఇదే బండిలో ఆమె తెరను రెండు వేళ్లతో కొంచెం జరిపి బయటికి చూసింది. పక్కనే ఉన్న ఇందిరాదేవి ఆ వేళ్ల మీద చిన్నగా తట్టి, వేళ్లు లోపల పెట్టుకొమ్మంది. కోపంగా కాదు, పెరుగు గిన్నె మీద మూత పెట్టమన్నంత మామూలుగా అంది. అప్పటినుంచి సరళాదేవి తెర జోలికి పోలేదు.

ఇవాళ సడక్ మీదికి ఎక్కగానే వెనుక నుంచి సైకిలు గంట వినిపించింది. మామూలుగా కచ్చరం కనబడితే ఆ గంట ఆగిపోవాలి, మనిషి దిగిన చప్పుడు కావాలి. ఈ గంట ఆగలేదు. దగ్గరికి వచ్చింది, పక్కనుంచి పోయింది, ముందుకు పోయింది. దాని వెనుక ఇంకొకటి. బండివాడు ఎడ్లను అదిలిస్తూ సారయ్య మనుషులను తిట్టాడు. సరళాదేవికి మాత్రం కోపం రాలేదు. తన పక్కనుంచి మనుషులు తమ పనికి తాము పోవడం ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి విన్నది. అది ఆమెకు బాగుంది కూడా.

రాజలింగు నేసిన చీరల మూటను సైకిలుకు కట్టుకుని వారం వారం సుల్తానాబాద్ అంగడికి పోయే మనిషి. ఇప్పుడు అతను నులక మంచం మీద, తొడ నుంచి మడమ దాకా వెదురుబద్దలు కట్టుకుని పడి ఉన్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. సరళాదేవి లోపలికి రాగానే అతను చేసిన మొదటి పని గోడవైపు తిరగబోవడం. కాలు తిరగలేదు. నొప్పికి పళ్లు బిగబట్టి, ముఖం ఒక్కటే గోడకు తిప్పుకున్నాడు.

అది చూసి ఆమె ఇటు తిరిగి మాట్లాడమని చెప్పింది. అతను వినలేదు. ఇక గోడకే అతను చెప్పాడు, గోడ మీదుగా ఈమె విన్నది. ఆ రోజు అంగడిలో మూట అమ్ముడుపోయింది. భార్య మల్లక్కను వెనుక కారేజీ మీద కూర్చోబెట్టుకుని ఇంటికి వస్తున్నాడు. వెనుకనుంచి రెండు కూతలు వినబడ్డాయి. దిగాడు, సైకిలు పట్టుకుని సడక్ దిగువకు పోయాడు, వీపు తిప్పి నిలబడ్డాడు. ఎదురుగా బొగ్గులారీ వస్తున్న చప్పుడు విన్నాడు. తర్వాత తాను కాలువలో ఉన్నాడు.

కారు అంత దగ్గరికి వస్తున్న చప్పుడు వినబడి ఉంటుంది కదా, ఒక్కసారి వెనక్కి చూడబుద్ధి కాలేదా అని సరళాదేవి అడిగింది.

"ఎట్ల చూస్త దొరసానీ? లోపల మీరుంటిరి గద," అన్నాడు రాజలింగు.

సరళాదేవి సిగ్గుతో కుంగిపోయింది. ఈ మనిషి తన గౌరవం కోసం కాలు విరగ్గొట్టుకున్నాడు. తాను ఆ సమయానికి గడీలో కూర్చుని అప్పడాలు ఎండబెట్టిస్తోంది.

"నేను లేను రాజలింగూ. గా దినం నేను కార్ల లేను," అంది.

అప్పుడు గోడవైపున్న ముఖం మెల్లగా ఇటు తిరిగింది. సరళాదేవి ముఖాన్ని అతను చూడటం అదే మొదలు.

"మరి నేను ఎవ్వలకు తిప్పిన వీపు?" అన్నాడు.

దానికి జవాబు వాకిట్లో ఉంది. అక్కడ రాట్నం ముందు కూర్చుని మల్లక్క కండెలు చుడుతోంది. దొరసాని వచ్చిందని లేవలేదు, కూర్చోమనీ అనలేదు. దారం తెగకుండా చుడుతూనే, కళ్లెత్తి సరళాదేవిని కింది నుంచి మీదిదాకా ఒకసారి చూసింది.

"నువ్వు గాదు," అంది.

ఏది తాను కాదో సరళాదేవికి అర్థం కాలేదు. మల్లక్క రాట్నం ఆపింది.

"కారు నడిపింది నువ్వు గాదు."

సరళాదేవి అక్కడే అరుగు మీద కూర్చుంది. కారు నడిపింది హనుమండ్లు కదా అంది. మల్లక్క కాదని తల ఊపింది. ఆ రోజు సైకిలు దిగినప్పుడు మల్లక్క కూడా దిగి మగని పక్కన నిలబడింది. అయితే ఆమె వీపు తిప్పలేదు.

"మర్రి, వీపు తిప్పి నిలవడేది మొగోళ్లు. మమ్ముల మర్రుమని ఎవ్వలన్నరు? నేను కారును చూసుకుంట నిలవడ్డ," అంది మల్లక్క. "ముందటి సీట్ల, చక్రం పట్టుకొని ఒక ఆడామె కూసున్నది. తెల్లచీర. ఎంటికెలు నెరిసినయి. చేతులకు గాజుల్లేవు. మీ ఇంటి ఆడోళ్ల మొకాలు మాకు తెల్వయి. గామె ఎవ్వలో నువ్వే చెప్పాలె."

సరళాదేవి చెప్పలేదు. ఇంత పెద్ద సంగతి మనసులో పెట్టుకుని ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావని మాత్రం అడగగలిగింది.

"ఎవ్వలడిగిండ్రు? అమీన్ వచ్చి మొగోళ్లనందరిని పిలిచి అడిగిండు. వాళ్లంత వీపులు తిప్పినోళ్లే. నన్ను మంచినీళ్లడిగిండు, ఇచ్చిన," అంది మల్లక్క.

చెప్పినా ఎవరు నమ్ముతారన్నది ఆమె మాట. తెర చాటు దొరసాని కారు నడిపిందంటే, మగని కాలు విరిగి దీని మతి పోయిందంటారు. రాజలింగుకు కూడా ఆమె చెప్పలేదు. అతనికి ఉన్న నొప్పి చాలదా? మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టి, చూపు దారం మీదే ఉంచి చివరి మాట అంది.

"రేపు అమీన్ ముందట కార్ల ఉన్ననని చెప్తవట. ఊరంత అంటున్నరు. నువ్వు గట్ల చెప్తె కేసు మా మీద పడ్తది, అమీన్ పట్టుకపోయిన మా సైకిల్ ఠాణాలనే తుక్కయితది. సైకిల్ లేకుంటె మూట అంగడికి పోదు. ఏం చెప్తవో నీ ఇష్టం."

తిరుగుదారిలో సరళాదేవి ఎంత వద్దనుకున్నా సోమవారాలు ఒకదాని వెనుక ఒకటి గుర్తుకొచ్చాయి. ఏడాదిగా ప్రతి సోమవారం కారుకు ఏదో ఒక రోగం వచ్చేది. ఒక వారం బ్రేకు, ఒక వారం పొగగొట్టం. హనుమండ్లు మరమ్మతుకని పొద్దున్నే తీసుకుపోయేవాడు. ప్రతి సోమవారమే ఇందిరాదేవికి మామిడితోటలో శివుడికి నోము ఉండేది. కచ్చరంలో పోయి, సాయంత్రం ఇంత మట్టికాళ్లతో తిరిగి వచ్చేది. ఒంటిపొద్దు ఉండి వచ్చిన మనిషి ముఖంలో అంత కళ ఏమిటని సరళాదేవి ఒకటి రెండుసార్లు అనుకుంది కూడా. భక్తి అనుకుంది.

గడీకి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇందిరాదేవి లోపలి వసారాలో కూర్చుని పత్తి ఒత్తులు చేస్తోంది. భర్త రామేశ్వర్‌రావు దొర పోయిన ఆరేళ్లలో ఆమె గొంతు పెంచి ఎవరినీ ఒక మాట అనలేదు. అయినా గడీలో గాలి కూడా ఆమెను అడిగే వీస్తుందని పనివాళ్లు అనుకునేవారు. ఇంట్లో ఘోషా కట్టుబాటు అంత గట్టిగా నిలిచింది ఆమె వల్లనే.

సరళాదేవి ఎదురుగా కూర్చుని, సాలెవాడలో రాజలింగు ఇంటికి పోయి వచ్చానని చెప్పింది. ఆ రోజు వాళ్ల ఆడామె కూడా సడక్ మీదే ఉందని చెప్పింది. ఇందిరాదేవి చేతిలో ఒత్తి సగంలో ఆగింది.

"చూసిందా?"

"చూసింది అత్తమ్మా."

ఇందిరాదేవి కాదనలేదు, కంగారు పడలేదు. చాలాకాలంగా తలుపు దగ్గర నిలబెట్టిన చుట్టాన్ని ఇక లోపలికి రమ్మన్నట్టు ఊపిరి వదిలింది. భర్త పోయాక ఒకసారి వేములవాడకు పోతూ, దారిలో మనుషులెవరూ లేనిచోట ఆమె వెనుక సీటు నుంచి లేచి ముందు సీటులో కూర్చుంది. అక్కడ మొదలైంది.

"ఎనుక తెర చాటున కూసుంటె సడక్ పక్కకు పోతది బిడ్డా. ముందట కూసుంటె మన మీదికొస్తది. ఒక్కసారి చూసినంక ఎనుక కూసునుడు నాతోని కాలే," అంది.

మిగిలింది సరళాదేవి అడిగి అడిగి రాబట్టింది. ఇందిరాదేవి మాట కాదనలేక హనుమండ్లు మామిడితోటలో నేర్పాడు. తోట చాలక ఎండిన చెరువులో నేర్పాడు. అదీ చాలక సడక్ ఎక్కారు. సడక్ మీద ఆమెను కాపాడింది ఆ రెండు కూతలే. అవి వినగానే మగవాళ్లందరూ వీపులు తిప్పేవారు, కారును ఎవరు నడుపుతున్నారో చూసేవాడు ఉండేవాడు కాదు. మరి హనుమండ్లు ఎక్కడ ఉండేవాడని అడిగితే, వెనుక సీటులో, తెర చాటున అని చెప్పింది. బుర్రమీసాల హనుమండ్లు ఘోషాలో ముడుచుకు కూర్చున్న సంగతి ఇంకొకప్పుడైతే సరళాదేవి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇప్పుడు నవ్వు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది.

"గీ ఇలాకల మొగోళ్లను నేను వీపుల మీదనే గుర్తువడ్త. రాజలింగు అంగి భుజం కాడ చినిగి ఉండె," అంది ఇందిరాదేవి. "ఎదురుంగ లారీ వచ్చింది. లారోనికి ఏ హారనయినా ఒకటే. వాడు జరుగలే, నేను జరిగిన. నేను జరిగిన దిక్కు రాజలింగు నిలవడ్డడు. మొకం ఇటుంటె దుంకుతుండె."

"ఆగకపోతిరి?"

ఆ ప్రశ్న అడిగాక సరళాదేవికి ఎందుకు అడిగానా అనిపించింది. ఇందిరాదేవి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరేళ్లలో ఆ కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలు.

"బండి ఆపుడు వస్తది నాకు. ఆపితె కనవడ్త. గా గడియల వాని పానం కన్న నా మొకమే ఎక్కువనుకున్న," అంది.

రేపు అమీన్ ముందు తనను అబద్ధం చెప్పమంటున్నారని సరళాదేవి చెప్పింది. ఏం చెప్పాలో తానొక్క మాట కూడా అనబోనని ఇందిరాదేవి అంది. అత్తగారి మీద కోపం రావాలి కదా, ఎందుకు రావడం లేదని సరళాదేవి తనను తానే అడిగి చూసుకుంది. కోపం ఉంది. దాని పక్కనే ఇంకొకటి కూడా ఉంది. ఎండిన చెరువులో తెల్లచీర మనిషి చక్రం తిప్పుతుంటే ఎలా ఉండి ఉంటుందో చూడాలన్న కోరిక అది.

పొద్దున అమీన్ సాబ్ ఇద్దరు జవాన్లతో వచ్చాడు. ఆయన వెనుకే సారయ్య, ఊరి సైకిళ్లవాళ్లూ వచ్చి గడీ బయట సడక్‌కు రెండు వైపులా సైకిళ్లు పట్టుకుని నిలబడ్డారు. అల్లరి చెయ్యలేదు. విచారణ ఏమవుతుందో విని పోతామన్నారు. అందరి ముందు జరిగితేనే మంచిదని దయాకర్‌రావు గడీ తలుపులు బార్లా తీయించి, ముందు చావడిలో కుర్చీలు వేయించాడు. హనుమండ్లు మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లు లోపలి గుమ్మానికి వేసిన వెదురు తడక వెనుక కూర్చున్నారు.

అమీన్ సాబ్ నేల చూస్తూ, ఆ సోమవారం జరిగింది చిన్న దొరసాని వారు చెప్పాలని తడకను అడిగాడు. దయాకర్‌రావు చెప్పుమన్నట్టు దగ్గాడు. సరళాదేవికి మల్లక్క రాట్నం కళ్ల ముందు తిరిగింది.

"నేను గా దినం కార్ల లేను," అంది.

దయాకర్‌రావు ముఖం నల్లబడింది. మరి లోపల ఎవరున్నారని అమీన్ సాబ్ అడిగేలోపు తడక పక్కకు జరిగింది. ఇందిరాదేవి గుమ్మం దాటి చావడిలోకి వచ్చి నిలబడింది.

అప్పుడు జరిగింది చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది, ఏడుపూ వస్తుంది. అమీన్ సాబ్ ఆ ఇలాకాలో పుట్టినవాడే. కుర్చీలోంచి లేచి, ఆలోచించకుండానే వీపు తిప్పాడు. జవాన్లు తిప్పారు. హనుమండ్లు తిప్పాడు. ఆమె తన తప్పును ఆ వీపులకు చెప్పుకోవలసి వచ్చేలా ఉంది. మొదట వాళ్లను ఇటు తిరగమంది. తిరగడానికి వాళ్లకు కొంతసేపు పట్టింది.

"రాజలింగు అడ్డం రాలే. సడక్ దిగి, మర్రి నిలవడ్డడు. బండి నేను నడిపిన. నేనే గుద్దిన. ఆపకుంట వచ్చిన," అంది.

దయాకర్‌రావు నవ్వాడు. అది నవ్వు కాదని అందరికీ తెలుస్తూనే ఉంది. అమ్మకు డ్రైవరు మీద జాలి కలిగి ఇలా అంటోందని, ఈ మాటను పట్టించుకోవద్దని అమీన్ సాబ్‌తో అన్నాడు. అమీన్ సాబ్‌కు కూడా అదే బాగుంది. పెద్ద దొరసాని మీద కేసు పెట్టే ధైర్యం ఆయనకు ఎక్కడిది? రాజలింగు మీద పెట్టడానికైతే ధైర్యంతో పనిలేదు. మాట నమ్మశక్యంగా లేదని, రాజలింగు అడ్డం వచ్చినట్టే అనుకోవలసి వస్తుందని గొణిగాడు. బయట సైకిళ్ల వరసలో కదలిక మొదలైంది.

"నడిపిన్నంటున్నవు. మరి నడుపుడు నీకు ఎవ్వలు నేర్పిండ్రమ్మా?" అన్నాడు దయాకర్‌రావు.

ఇందిరాదేవి చూపు మెట్లవైపు పోయింది. తన తప్పు తాను ఒప్పుకోవడానికి ఆమె వచ్చింది, ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. భర్త లేని దొరసాని, జీతగాడైన డ్రైవరు, ఏడాది పొడుగునా సోమవారాలు, ఎవరూ రాని మామిడితోట. ఈ నాలుగు మాటలు పక్కపక్కన పెడితే ఊరు మిగిలిన మాటలు తానే కలుపుకుంటుంది. మెట్ల దగ్గర హనుమండ్లు ముఖంలో నెత్తురు లేదు. అతనికి పెళ్లాం ఉంది, పెళ్లికి ఎదిగిన బిడ్డలు ఉన్నారు. ఈ పూట అతని పేరు ఆమె నోటివెంట వస్తే, సాయంత్రానికి అతను ఆ ఊళ్లో తలెత్తుకోలేడు, ఆమె ఆ ఇంట్లో తలెత్తుకోలేదు.

సరళాదేవి తడక వెనుకనుంచి లేచింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్క అబద్ధం తప్పించుకోవడానికి ఆమె ఎంత తిరిగిందో మనం చూశాం. ఇప్పుడు గుమ్మం దాటి వచ్చి అత్తగారి పక్కన నిలబడింది. నిండు చావడిలో, తడుముకోకుండా అంది.

"నేనే నేర్పిన."

దయాకర్‌రావు ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నీకెక్కడ వచ్చని అడిగాడు. హైదరాబాదులో, పెళ్లికి ముందు, అని ఆమె జవాబు చెప్పింది. ఆ గొంతు ఎంత నిదానంగా ఉందంటే ఒక్క క్షణం ఇందిరాదేవి కూడా నిజమేనేమో అనుకుంది. ఆయన మెట్లు దిగి హనుమండ్లు దగ్గర కారు తాళంచెవి తీసుకున్నాడు. వెనక్కి వచ్చి దాన్ని భార్య అరచేతిలో పెట్టాడు.

"అయితె నడుపు. గీ సైకిళ్లోళ్లందరు చూస్తుండంగ సుల్తానాబాద్ దాక పోయి రా. నువ్వు నడిపితె నీ మాట నమ్ముత, అమ్మ మాట నమ్ముత. రాజలింగు సైకిల్ ఇయ్యాలనే ఇడిపిస్త," అన్నాడు.

అది న్యాయంగానే ఉందని అమీన్ సాబ్ అన్నాడు. బయట సారయ్య తన మనుషులకు సైగ చేశాడు. సడక్‌కు రెండు వైపులా ఉన్నవాళ్లు సైకిళ్లు వెనక్కి లాక్కుని, కారు పట్టేంత సందు మాత్రం వదిలి, ముఖాలు ఇటే పెట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో కొందరి సైకిళ్ల మీద ముందు కడ్డీ మీద పిల్లలు కూడా కూర్చుని ఉన్నారు.

సరళాదేవి కారు తలుపు తీసి ముందు సీటులో కూర్చుంది. కాళ్ల దగ్గర మూడు పెడళ్లు ఉన్నాయి. వాటిలో కారును ఆపేది ఏదో ఆమెకు తెలియదు.